చెర్వు ఎంతుంది?

మఖ కార్తె దాటి పుబ్బ వచ్చిందంటే మా ఊళ్లో ఎవరూ ఎవరినీ బాగున్నవా అని అడిగేవాళ్లు కాదు. ఎదురుపడగానే ఒకటే మాట: "చెర్వు ఎంతుంది?"

జవాబు అడుగుల్లో వచ్చేది కాదు. "దున్నపోతు బండ మునిగింది" అనేవాళ్లు. "తూము నెత్తి మీద జానెడుంది" అనేవాళ్లు. చెరువు నడుమ పడుకున్న దున్నపోతులా ఒక నల్లటి బండ ఉండేది. అది కనబడకుండా పోయిందంటే ఆ ఏడు వరి పండినట్టే. షావుకారు అప్పు ఇచ్చేది ఆ సంగతి తెలిశాకే. పిల్ల పెళ్లి ఈ ఎండాకాలమా, వచ్చే ఎండాకాలమా అన్నది తేలేదీ అప్పుడే. బావి దగ్గర అమ్మలక్కలు, మంగలి ముందు కూర్చున్న మగవాళ్లు, బడికి పోయే మేము, అందరం ఆ బండ మీదే ఒక కన్నేసి బతికినవాళ్లం.

మాది పటాన్‌చెరుకు నాలుగు మైళ్ల లోపలి ఊరు, నక్కవాగు వైపు. ఊరి పేరు రాయడం లేదు. ఇప్పుడు బస్సెక్కి ఆ పేరు చెబితే కండక్టరుకు తెలియదు. ఫలానా కంపెనీ గేటు అంటేనే టికెట్టు కొడతాడు.

చెరువుకు ఒక మనిషి ఉండేవాడు. నీరటి. మేం పిల్లలం నీరటి తాత అనేవాళ్లం. తూము తెరవడం, మూయడం, కాలువ వెంట నడిచి మడి మడికీ నీళ్లు పారించడం, గండి పడకుండా కట్టను కాచుకోవడం ఆయన పని. ఆయన తండ్రిదీ, తాతదీ అదే పని. భుజాన పార, చేతిలో కందిలి, నెత్తికి గొంగడి. రాత్రి వాన ఉరిమితే ఊరంతా దుప్పటి ముసుగేసుకునేది, ఆయన ఒక్కడే లేచి కట్ట మీదికి పోయేవాడు. తూములో రాతి స్తంభాల నడుమ కన్నాలున్న రాళ్లు ఒకదాని కింద ఒకటి ఉండేవి, ఆ కన్నాలకు చెక్క బిరడాలు. నీళ్లు దిగుతున్నకొద్దీ కింది కన్నం తెరవాలి. బిరడా బిగుసుకుపోతే ఊపిరి బిగబట్టి మునిగేవాడు. ఆయన పైకి తేలేదాకా కట్ట మీద నిలబడి మేం కూడా ఊపిరి బిగబట్టేవాళ్లం.

వానాకాలం వరిని ఆబి అనీ, యాసంగి వరిని తాబి అనీ మా పెద్దలు నిజాం కాలం నాటి పేర్లతోనే పిలిచేవాళ్లు. తాబికి ముందు ఒక పొద్దున చెరువు కట్ట మీద కూర్చునేవాళ్లు. పటేలూ, పట్వారీ, నలుగురు రైతులూ, నీరటీ. ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు తడుస్తాయో నీరటి చెప్పాలి. ఆయన లేచి తూము దాకా పోయి, చూసి, తిరిగొచ్చి, "సగం" అన్నాడంటే ఆ ఏడు ఆయకట్టులో సగమే నాటు. రెండెకరాలున్నవాడు ఎకరమే నాటుకోవాలి. దీన్ని తైబందీ అనేవాళ్లు. ఆ మాట మీద కొట్లాట జరగడం నేను చూడలేదు. నీటిపారుదల మీద పెద్ద పెద్ద పుస్తకాలు తర్వాత చదివాను. చదువు రాని ఒక మనిషి మాట మీద నమ్మకంతో ఊరు ఊరంతా తన పొలంలో సగం పడావు పెట్టుకోవడం ఎంత పెద్ద సంగతో ఆ పుస్తకాలు చదివాకే నాకు అర్థమైంది.

ఒక ఏడు నీళ్లు తక్కువైనయి. మా నాయన రాత్రిపూట కాలువ గట్టు మీదికి పోయి, మా మడికి ఇంకొంచెం నీళ్లు ఇడువుమని అడిగాడు. నేను వెంట ఉన్నాను, కందిలి నా చేతిలోనే ఉంది. నీరటి తాత పార పక్కన పెట్టి, వంగి మా మడిలో చెయ్యి పెట్టాడు. బురద తీసి నాయనకు చూపించాడు. "నీ మడి తడిసింది పటేలా. కింద ముసలవ్వ మడి నెర్రెలిచ్చింది. గామె మొగుడు లేని మనిషి. నువ్వే జెప్పు, ఎటు తిప్పమంటవ్?" నాయన ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చేదాకా కూడా మాట్లాడలేదు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. అది రాయకపోతే పైన రాసినదంతా తీపి అబద్ధం అయిపోతుంది. కల్లం అయ్యాక నీరటి తన మేర వడ్ల కోసం ఇంటింటికీ వచ్చేవాడు. మా గడప ఎక్కేవాడు కాదు. వాకిట్లో గొంగడి పరిచి నిలబడితే మా నాయినమ్మ మానికతో వడ్లు పైనుంచి పోసేది. దాహమంటే దోసిలి పట్టేవాడు, చెంబు తగలకుండా నీళ్లు పోసేది. ఊరందరికీ నీళ్లు పంచిన మనిషికి మా ఇంట్లో నీళ్లు అట్లా పోశాం. నాయినమ్మ మంచి మనిషి. ఆకలితో వచ్చిన వాళ్లనెవరినీ ఉత్తచేతుల్తో పంపలేదు. అయినా ఆ చెంబు అంత ఎత్తునుంచే వంగేది. ఆ రోజులు పోయాయని నేను బాధపడేటప్పుడు ఆ దోసిలి కూడా నా కళ్ల ముందు ఉంటుంది, ఉండాలి కూడా.

పటాన్‌చెరు మాకు పట్నం. అసలు పట్నమైన హైదరాబాద్ దూరం, ఖర్చు. సంగారెడ్డి అంటే కచేరీ, కోర్టు. 1796లో కట్టిన జైలు ఉన్న ఊరు. పెద్దవాళ్లు సంగారెడ్డి పోతున్నారంటే భూమి తగాదా ఉన్నట్టు లెక్క. పటాన్‌చెరు అలాంటిది కాదు. బొంబాయి రోడ్డు పొడుగునా దుకాణాలు, చింతచెట్ల కింద ఆగిన ఎడ్లబండ్లు, జహీరాబాద్ నుంచి వచ్చే లారీలు. ఉప్పు, కిరసనాయిలు, దసరాకు ఒక గుడ్డముక్క, మిరుగానికి ముందు నాగలికర్రుకు ఇనుము అన్నీ అక్కడే. బండిలో కుసుమ గింజలు పోసుకుని పోయి గానుగలో నూనె పట్టించుకొచ్చేవాళ్లం. కుసుమ చేనులో నడిస్తే కాళ్లు చీరుకుపోతాయి, ఆ నూనెతో చేసిన పులుసన్నం మాత్రం ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

ఆ ఊరి పేరులోనే చెరువుంది. ముసలివాళ్లు పటాన్‌చెరువు అని పూర్తిగానే అనేవాళ్లు. కాలేజీలో చేరాక చదివాను, వెయ్యేళ్ల కింద దాని పేరు పొట్టళకెరె. కన్నడంలో కెరె అంటే చెరువే. పొట్లచెరువు అని తెలుగువాళ్లు అన్నారు. కల్యాణి రాజధాని కాకముందు, 11వ శతాబ్దంలో, కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడు కొలువుతీరిన ఊరు ఇదే. జైనులకు పెద్ద స్థానం. నల్లరాతిలో చెక్కిన జైన తీర్థంకరుల విగ్రహాలు ఇక్కడి మట్టిలో దొరికాయి. కొన్ని హైదరాబాద్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని పటాన్‌చెరులోనే ఉన్నాయి. జైనం నుంచి శైవానికి ఊరు మళ్లిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పాడు. రాజులు మారారు, దేవుళ్లు మారారు, మాట్లాడే భాష మారింది. ఆ మార్పులన్నిటిలో ఊరు తన పేరులో వదులుకోనిది ఒక్క చెరువునే. కెరె పోయి చెరు వచ్చింది, అంతే. అది చదివిన రోజు గ్రంథాలయంలోనే నాకు నీరటి తాత గుర్తొచ్చాడు. పొట్టళకెరెలో కూడా రాత్రి వానకు లేచిన మనిషి ఒకడు ఉండి ఉంటాడు కదా అనిపించింది. శాసనాల్లో ఆయన పేరు ఉండదు.

చెరువు చుట్టూ ఏడాది ఎలా తిరిగేదో చెప్పాలి. మిరుగం నాడు చేపలు తినాలి. బెస్తవాళ్లు తెల్లారకముందే వలలేసేవాళ్లు. కొర్రమట్ట పెద్దింటికి, పరకలు మా ఇంటికి, జెల్లలు ఎవరికి దొరికితే వాళ్లకు. ఎండాకాలం చెరువు అడుగంటితే ఊళ్లోని బండ్లన్నీ ఒండ్రుమట్టికి కదిలేవి. ఆ మట్టి తోలుకున్న చెల్కలో మరుసటేడు జొన్న ఏనుగంత ఎత్తు పెరిగేదని నాయన అనేవాడు. చెరువు నిండి అలుగు దుంకిన రోజున కట్టమైసమ్మకు కోడిని కోసేవాళ్లు. అలుగు చప్పుడు రాత్రి మా ఇంటిదాకా వినిపించేది. ఆ చప్పుడు వింటూ పడుకోవడం ఎలా ఉంటుందో ఎలా చెప్పను? కడుపు నిండా తిని పడుకున్నట్టు ఉంటుంది.

ఇక బతుకమ్మ. తొమ్మిది రోజులు. తంగేడు, గునుగు, కట్ల పూలు. గునుగు పూలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టే పని నాది, దసరా దాకా నా వేళ్లు ఎర్రగా, పచ్చగా ఉండేవి. సద్దుల నాడు అమ్మ మలీద ముద్దలు చేసేది. నిన్నటి జొన్నరొట్టెలు కాదు, ఆ రోజు కోసం కాల్చిన రొట్టెలు, బెల్లం, నెయ్యి. పొద్దుగూకుతుండగా ఆడవాళ్లంతా వరుసగా కట్ట దిగేవాళ్లం. బతుకమ్మను నీళ్లలో విడిచి, పసుపు గౌరమ్మను తీసి పుస్తెలకు అద్దుకునేవాళ్లు. అదే నీళ్లలో ముఖాలు కడుక్కునేవాళ్లు, అవే నీళ్లు దోసిట్లో పట్టి తాగేవాళ్లు. తాగేవాళ్లు అన్న మాటను ఒకటికి రెండుసార్లు చూసుకుని రాస్తున్నాను.

మార్పు ఒక్కసారిగా రాలేదు. మొదట వచ్చింది సైరన్. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చాక గాలి ఇటు తిరిగినప్పుడు దాని కూత మాకు వినిపించేది. కోడి కూతకు బదులు దానితో లేచేవాళ్లు కొందరు తయారయ్యారు. 1972లో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ వచ్చింది. ఎర్రచెల్కా, నల్లరేగడీ రెండూ ఒకే చోట దొరికే నేల కాబట్టి పటాన్‌చెరును ఎంచుకున్నారు. దాదాపు మూడున్నర వేల ఎకరాలు. మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్లు ఇళ్లూ వాకిళ్లూ ఎత్తుకుని పక్కకు జరిగాయి. తెల్లవాళ్లు జొన్న మీద చదువు చదవడానికి వస్తున్నారంటే మా నాయినమ్మ నమ్మలేదు. "జొన్నల చదువేంది? తింటరు గని" అంది. ఇప్పుడక్కడి చల్లని గదుల్లో జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి లాంటివన్నీ కలిపి లక్షా ఇరవై వేలకు పైగా రకాల విత్తనాలు ప్రపంచమంతటి నుంచీ తెచ్చి దాచారు. అది గొప్ప పని. ఎక్కడ కరువొచ్చినా ఎత్తుకుపోయి విత్తుకోగల సంపద అది. ఆ గోడకు ఇవతల, మా మాగి జొన్న చేన్లలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లున్నాయి.

తర్వాత కంపెనీలు. 1970ల నడుమ పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది, ఆపైన పాశమైలారం, బొల్లారం, జిన్నారం వైపు పాకింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి గెలిచాక ఆ వేగమే వేరు. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి ఆమే పునాదిరాయి వేసింది. వెనుకబడిన జిల్లా అని రాయితీలు, చవక భూమి, గడపలోనే బొంబాయి రోడ్డు, గంట దూరంలో హైదరాబాద్. మందుల కంపెనీలు ఎక్కువ. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే హక్కునిచ్చింది కాబట్టి అదే మందును ఇంకో దారిలో చవకగా తయారుచేయడానికి వీలుపడింది. బాలానగర్ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో ఆ విద్య నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టారు. లోకంలో ఎంతోమంది బీదవాళ్లకు చవకగా మందులు దొరకడం వెనక మా నేల ఉంది. ఆ మాట దాచిపెట్టి రాస్తే అన్యాయం.

నా తమ్ముడు 1979లో ఒక కంపెనీలో చేరాడు. మొదటి జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడితే, అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. వాన పడినా పడకపోయినా నెల తిరిగేసరికి వచ్చే డబ్బు మా ఇంట్లోకి రావడం అదే మొదలు. నా బీఈడీ ఫీజు కట్టింది ఆ జీతంతోనే. నేను టీచరునై, నా పిల్లలను చదివించి, ఈ రోజు కూర్చుని ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అందులో ఆ కంపెనీ మెతుకు ఉంది.

నీళ్లు మారడం మొదట గమనించింది బర్రెలు. కాలువ దగ్గర మూతి పెట్టి, వెనక్కి తీసుకుని, నిలబడిపోయేవి. వాగు పక్క మోటబావుల్లో నీళ్లు టీ రంగు తిరిగాయి. రాత్రిపూట ముక్కు మంట పుట్టే వాసన. నాట్లేసి వచ్చిన ఆడవాళ్ల కాళ్లకు దద్దుర్లు. వరి పచ్చగా పెరిగేది, ఈనేది కాదు. ఈనినా తాలు. ఒక తెల్లవారుజామున చెరువు నిండా చేపలు వెల్లికిలా తేలాయి. ఊరంతా కట్ట మీదికొచ్చింది. ఎవరూ ఏడవలేదు, ఎవరూ అరవలేదు. ఆ నిశ్శబ్దం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాతి నాట్ల కాలంలో పెద్దలు కట్ట మీద కూర్చున్నారు. అప్పటికి 1984 వచ్చి పోయింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులు తీసేసింది. కాబట్టి ఆ కూర్చోవడానికి అధికారం ఏమీ లేదు, పాత అలవాటే. చెరువు నిండుగానే ఉంది, దున్నపోతు బండ మునిగే ఉంది. "తూము ఎప్పుడు తీస్తవ్?" అని ఎవరో అడిగారు. నీరటి తాత చాలాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఇన్నేండ్లు నీళ్లు ఇడిసిన. ఇప్పుడు ఇడిసేటివి నీళ్లు గావు. నా చేతుల మీద నుంచి నేను ఇడువ." పార భుజాన వేసుకుని కట్ట దిగాడు. ఆ తర్వాత ఆయన తూము దగ్గరికి పోవడం ఎవరూ చూడలేదు. కొడుకు ఒక కంపెనీకి రాత్రి కావలికి కుదిరాడు. కందిలి బదులు టార్చిలైటు.

తర్వాతి సంగతులు పేపర్లలో వచ్చినవే. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు, తన దగ్గరికొచ్చే రోగులను చూసి చూసి, రోగం ఊరి నీళ్లలో ఉందని పట్టుకుని దశాబ్దాల పాటు పోరాడాడు. రైతులు రోడ్డెక్కారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు పోయింది. నష్టపరిహారాలు వచ్చాయి, ఊళ్లకు పైపుల్లో తాగునీళ్లు వచ్చాయి. మంజీరా నీళ్లు పెద్ద గొట్టాల్లో మా ముందునుంచే హైదరాబాద్‌కు పోయేవి. ఆ గొట్టం పక్కనే బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడిన ఏళ్లు మా ఊరి ఆడవాళ్లకు తెలుసు. వ్యర్థాలను శుద్ధి చేయడానికి 90 దాకా కంపెనీలకు ఉమ్మడిగా పెట్టిన కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడినా ఇప్పుడు పటాన్‌చెరు పేరు వస్తుంది. ఒకప్పుడు పొట్టళకెరె పేరు శాసనాల్లో ఉన్నట్టు.

అన్ని చెరువులూ పోలేదు. అమీన్‌పూర్ పెద్దచెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలం అక్కడికి రాజహంసలు వస్తాయి, వాటిని చూడటానికి పిల్లలు దుర్భిణులు పట్టుకుని వస్తారు. మిషన్ కాకతీయలో కొన్ని చెరువుల పూడిక తీశారు. సంతోషమే. అయితే చెరువును చూడటం వేరు, చెరువు కింద బతకడం వేరు. చెరువు కింద బతికిన భాష ఒకటి ఉండేది. తైబందీ, ఆబి, తాబి, మేర. తెలుగు మాస్టారుగా ముప్పై ఏళ్లు పనిచేసిన నా భర్తకు వాటిలో రెండు మాటలు నేను చెబితేనే తెలిశాయి. ఆయనది బోర్ల కింద సేద్యం చేసిన ఊరు.

2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగిన ఆ వాన గుర్తుంది కదా. పదమూడో తారీఖు రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. కంపెనీ నుంచి రిటైరై ఊళ్లోనే ఉంటున్నాడు. "అక్కా, చెర్వు అలుగు దుంకుతుంది" అన్నాడు. ఎన్నేళ్ల తర్వాతో. నా నోటి నుంచి వచ్చిన మాట, "దున్నపోతు బండ మునిగిందా?" వాడు కాసేపు మాట్లాడలేదు. "ఆ బండ ఎప్పుడో పగలగొట్టి కంకరకు కొట్టుకపోయిన్రు అక్కా" అన్నాడు.

వాన తెరిపిచ్చాక మేం పోయాం. అలుగు మీద నుంచి నీళ్లు దుంకుతున్నాయి. ఆ చప్పుడు మాత్రం అదే, ఏమీ మారలేదు. కింద తెల్లటి నురగ, మోకాలెత్తు లేచి, గాలికి విడిపోయి రోడ్డు మీదికి ఎగిరిపడుతోంది. ముక్కులకు మాస్కులు కట్టుకున్న పిల్లలు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. వాళ్ల పక్కనే ఒక ముసలావిడ, ఊళ్లో మిగిలిన పాతవాళ్లలో ఒకామె, కొంగులోంచి పసుపు, నాలుగు తంగేడు పూలు తీసి నీళ్లలో వేసింది. బతుకమ్మకు ఇంకా రెండు మూడు రోజులుంది. చేతులెత్తి చాలాసేపు మొక్కింది. నేను కూడా ముందుకు వంగి, అలవాటుగా దోసిలి చాపబోయాను. ఆమె నా రెక్క పట్టి వెనక్కి లాగింది.

"ముట్టకు బిడ్డా. మొక్కుకో, గంతే."